పురుగుమందుల గూడు: ఆనందపురం పొలంలో పదకొండు నెలల పని, అందులోని తప్పులు

ఈ డైరీని రాయడంలో ఉద్దేశం ఒక్కటే. పొలంలో పురుగుమందులను భద్రంగా దాచడానికి తాళం ఉన్న ఇటుక గూడు కట్టాము. ఆ పని నచ్చినవారు దానిని అలాగే చేసుకోవచ్చు, నచ్చనివారు కనీసం మేము చేసిన తప్పులు చేయకుండా ఉండవచ్చు. పొలం విశాఖపట్నం జిల్లా ఆనందపురం మండలంలో ఉంది. రెండెకరాల ఇరవై సెంట్లు. వంగ, బెండ, టమాటా, బీర వేస్తాము. గట్టు వెంబడి కొబ్బరి, మెట్ట చెక్కలో కొంత జీడిమామిడి ఉన్నాయి. సాగు చేసేది మా బావ. నేను మధురవాడలో ఉంటూ ఆదివారాలు మాత్రమే పొలానికి వెళ్తాను. ఇందులోని కొలతలూ లెక్కలూ నావి. ఒళ్ళు వంచి పని చేసినదీ, నా ఆలోచనల్లో సగం పనికిరావని ముందే చెప్పినదీ బావ.

పని మొదలుపెట్టేనాటికి మందులు నాలుగు చోట్ల ఉండేవి: మోటారు షెడ్డు మూలలో, పాక చూరులో, ధాన్యం గదిలో, అక్క వంటింటి కిటికీ మీద.

మొదటి దశ: ఉన్నది లెక్కపెట్టడం (మే రెండో వారం)

బీరువా కొనడానికి ముందు ఈ పని చేసి ఉంటే రెండు నెలలు కలిసి వచ్చేవి. నిజానికి బీరువా కొన్న తరువాతే లెక్క మొదలుపెట్టాను. ఆ బీరువా సంగతి రెండో దశలో చెబుతాను. చేయవలసిన వరుస మాత్రం ఇదే.

1. ఎండ పడని, గాలి ఆడే చోట మందమైన ప్లాస్టిక్ పట్టా పరవాలి.
2. నైట్రైల్ చేతితొడుగులు, కళ్ళద్దాలు, ఆవిరిని పీల్చుకునే డబ్బీ ఉన్న మాస్కు వేసుకున్న తరువాతే సీసాలు ముట్టుకోవాలి.
3. ఏ మూతా తెరవకూడదు. మిగిలిన పరిమాణాన్ని బయటినుంచే అంచనా వేసి, తూకం వేసి రాయాలి.
4. పేరు, రంగు గుర్తు, తయారీ తేదీ, గడువు తేదీ, మిగిలిన పరిమాణం: ఈ ఐదూ పుస్తకంలో ఎక్కించాలి.
5. లేబులు చదవడానికి రాని ప్రతిదానినీ విడిగా పెట్టాలి. అదేమిటో ఊహించి పేరు రాయకూడదు.

రంగు గుర్తు అంటే లేబులు మీద ఏటవాలుగా నిలబెట్టిన చతురస్రంలో కింది త్రిభుజానికి ఉండే రంగు. ఎరుపు అంటే అత్యంత విషపూరితం, పసుపు అంటే తీవ్ర విషం, నీలం ఒక మోస్తరు, ఆకుపచ్చ స్వల్పం. ప్రయోగశాల జంతువులకు నోటి ద్వారా ఇచ్చినప్పుడు వాటిలో సగం చనిపోయే మోతాదును బట్టి ఈ విభజన జరుగుతుంది: కిలో శరీర బరువుకు 50 మిల్లీగ్రాముల లోపే సరిపోతే ఎరుపు, 51 నుంచి 500 వరకు పసుపు, 501 నుంచి 5,000 వరకు నీలం, ఆ పైన ఆకుపచ్చ. ఎరుపు లేబులు మీద పుర్రె గుర్తు కూడా ఉంటుంది. బావ పాతికేళ్ళుగా మందులు కొడుతున్నారు. రంగులను బట్టి మందు "బలం" తెలుస్తుందని, అంటే పురుగు ఎంత త్వరగా చస్తుందో తెలుస్తుందని ఆయన అనుకునేవారు. ఆ రంగు పురుగు కోసం కాదని, పంపు మోసే మనిషి కోసమని తెలిసిన రోజున ఆయన చాలాసేపు ఆ వరుసను చూస్తూ కూర్చున్నారు.

తేలిన లెక్క: మొత్తం 34 సీసాలు, పొట్లాలు. ఎరుపు 3, పసుపు 10, నీలం 9, ఆకుపచ్చ 5, లేబులు లేనివి లేదా చెరిగిపోయినవి 7. ద్రవాలు 11.4 లీటర్లు, పొడులు, గుళికలు 13.8 కిలోలు. లేబులు ఉన్న 27లో గడువు తీరినవి 13. వాటిలో మూడు ఇప్పుడు అసలు వాడకూడనివి: ఫోరేట్ గుళికలు, డైక్లోర్‌వాస్, ట్రయజోఫాస్. 2018 ఆగస్టులో వచ్చిన నిషేధపు ఉత్తర్వు ప్రకారం ఈ మూడింటి వాడకం 2020 డిసెంబరు 31తో ఆగిపోవాలి. మా ఇంట్లో వాడకం ఆగింది కానీ గుళికల సంచి మాత్రం చూరులో అలాగే ఉండిపోయింది. నిషేధం దుకాణానికి వెళ్ళినంత త్వరగా చూరు దాకా రాదు.

లేబులు లేని ఏడింటిలో ఒకటి కూల్‌డ్రింక్ సీసా. అందులో ముదురు గోధుమ రంగు ద్రవం సగానికి ఉంది. బావ దానిని వేపకషాయం అన్నారు, అక్క ఫినాయిలు అంది. ఇద్దరూ ఒకే సీసాను రెండేళ్ళుగా చూస్తున్నారు.

ధాన్యం గదిలో దొరికినది ఇంకా కలవరపెట్టింది. పది బిళ్ళలు పట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ గొట్టం ఒకటి, వాన జల్లు కొట్టే కిటికీ గూట్లో ఉంది. ఈ బిళ్ళ ఒక్కొక్కటి 3 గ్రాములు; గాలిలోని తేమ తగిలితే చాలు, ఒక్కో బిళ్ళ నుంచి సుమారు ఒక గ్రాము ఫాస్ఫీన్ వాయువు వెలువడుతుంది. వెల్లుల్లి వాసనో, కుళ్ళిన చేప వాసనో వస్తే అప్పటికే ఆలస్యమైనట్టు. ఇలా పది, ఇరవై బిళ్ళల గొట్టాల్లో అమ్మడమే మన దేశంలో నిషిద్ధం. ఈ మందును రైతు ఇంట్లో వాడకూడదు, నిపుణుల పర్యవేక్షణలోనే వాడాలి. మేము దానిని తెరవలేదు, నీళ్ళలో వేయలేదు, పూడ్చలేదు. పొడి డబ్బాలో పెట్టి, ఇంటికి దూరంగా గాలి ఆడే నీడలో ఉంచి, లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోల్ మనిషిని పిలిపించి అప్పగించాము. అందుకు నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ పిల్లలను ఆ వైపు పోనివ్వలేదు.

ఈ దశ ఖర్చు: పట్టా 220, చేతితొడుగులు 260, మాస్కు 850, కళ్ళద్దాలు 150, పుస్తకం 40, ఉష్ణోగ్రత, తేమ రెండూ చూపే డిజిటల్ మీటరు 480.
మొత్తం ఇప్పటివరకు: ₹2,000.

రెండో దశ: బీరువా (మే, జూన్). పూర్తిగా విఫలం

ఆటోనగర్‌లో పాత ఇనుప బీరువా ₹3,200కు దొరికింది. రంగు, ప్రైమరు 640, ఆటో కిరాయి 500. రేకుల కప్పు ఉన్న మోటారు షెడ్డులో దానిని నిలబెట్టి, మందులన్నీ సర్ది, తాళం వేశాము. చూడటానికి చాలా బాగుంది. ఐదు కారణాల చేత అది పనికిరాదని తేలింది.

మొదటిది వేడి. మే ఆఖరి వారంలో మధ్యాహ్నం రెండున్నరకు బయట చెట్టు నీడలో 36.5 డిగ్రీలు ఉంటే, బీరువా పై అరలో 47.8 డిగ్రీలు ఉంది. లేబుళ్ళన్నీ చల్లని, పొడి ప్రదేశంలో ఉంచమని చెబుతాయి. ఈసీ (నీటిలో కలిపితే పాలలా మారే ద్రవ మందు) అని రాసి ఉండే మందుల్లో మండే స్వభావం గల ద్రావకాలు ఉంటాయి. వేడికి సీసా ఉబ్బుతుంది, మూత సందు నుంచి ఆవిరి వస్తుంది. నిల్వ ఉన్న రసాయనాన్ని వేడి ఏమి చేయగలదో 2020 మే 7 తరువాత విశాఖ వాసులకు ఎవరూ వివరించనక్కరలేదు, ఆర్.ఆర్. వెంకటాపురంలో ఆ తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం ట్యాంకులోని స్టైరీన్ అనే రసాయనం వేడెక్కి ఊరి మీదికి ఆవిరై వచ్చింది. మా సీసాలకూ ఆ ట్యాంకుకూ పోలిక లేదు. అయితే నేను మీటరు కొన్నది ఆ జ్ఞాపకంతోనే.

రెండవది తుప్పు. సముద్రం ఇక్కడికి పది, పన్నెండు కిలోమీటర్లే. జూన్ మూడో వారానికి కింది బందులు పట్టేశాయి, తలుపు ఎత్తి లాగితే తప్ప రాదు. తెరవడం కష్టమైన తలుపును ఎవరూ తిరిగి సరిగా మూయరు. రెండుసార్లు బావ "మళ్ళీ వస్తాను కదా" అని ఓరగా వదిలేశారు.

మూడవది స్టార్టరు. బీరువాకు అడుగున్నర దూరంలో మోటారు స్టార్టరు ఉంది; అది పడినప్పుడల్లా లోపల నిప్పురవ్వ కనిపిస్తుంది. మండే ఆవిరి పక్కన అది ఉండకూడదన్న ఆలోచన నాకు రాలేదు. మోటారు బాగుచేయడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ వాసన చూసి చెప్పాడు.

నాలుగవది సర్దుబాటు. పొడవైన సీసాలు పై అరలో పట్టాయని ద్రవాలన్నీ పైన, పొట్లాలు కింద పెట్టాను. ఒక పావు లీటరు సీసా మూత వదులై, కారినదంతా కింది అరలోని, నీటిలో కలిపి కొట్టే గంధకం పొట్లాల మీద పడింది. రెండు కిలోలు పారేయవలసిన సరుకులో చేరాయి. పొడులు పైన, ద్రవాలు కింద అన్నది ఆ తరువాత మారని నియమం.

ఐదవది ట్రైకోడెర్మా. ఇది మొక్కల తెగుళ్ళను అణచడానికి వాడే, జీవం ఉన్న శిలీంధ్రం. రసాయన మందులతో కలిపి అదే బీరువాలో పెట్టాము. జూలైలో పరీక్షగా ఆ పొట్లం పొడిని తడి పశువుల ఎరువు కుప్ప ఒకదానిలోనూ, కొత్తగా తెచ్చిన పొడిని మరో కుప్పలోనూ కలిపి గోనె కప్పాము. పన్నెండో రోజుకు కొత్త పొడి కలిపిన కుప్ప మీద పచ్చని బూజు వచ్చింది, బీరువా పొడి కలిపిన దాని మీద ఏమీ రాలేదు. గడువు తేదీ ప్రకారం దానికి ఇంకా ఏడు నెలలు ఉంది. అప్పటినుంచి జీవ మందులను గూటిలో పెట్టడం మానేశాము. వాడే వారంలోనే తెస్తాము.

ఈ దశ ఖర్చు: ₹4,340. మొత్తం: ₹6,340.
తరువాత బీరువాను ₹1,800కు అమ్మాము.

మూడో దశ: ఇటుక గూడు (జూలై, ఆగస్టు)

స్థలం ఎంపికకు మూడు ఆదివారాలు పట్టింది. టేపు పట్టుకుని కొలిచిన దూరాలు: బావికి 42 మీటర్లు, ఇంటికి 28, గెడ్డకు (వాగుకు) 65, పశువుల పాకకు 31. ఎత్తు విషయంలో మాకు కొలబద్ద హుద్‌హుద్. 2014 అక్టోబరు 12న ఆ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు మా షెడ్డు రేకులు జీడితోటలో దొరికాయి. షెడ్డు గచ్చు మీద 35 సెంటీమీటర్ల ఎత్తున నీరు నిలిచిన గుర్తు గోడ మీద ఇప్పటికీ ఉంది. అందువల్ల పునాది అరుగును 60 సెంటీమీటర్లు లేపాము, పైకప్పుకు రేకు వద్దనుకుని కాంక్రీటు పలక వేయించాము.

లోపలి కొలతలు: వెడల్పు 1.5 మీటర్లు, లోతు 0.75, ఎత్తు 1.8. మనిషి లోపలికి వెళ్ళనక్కరలేకుండా బయట నిలబడే అన్నీ అందుకోవాలన్నది ఉద్దేశం. గదిలాగా కడితే అందులో గోనెసంచులూ పారలూ చేరతాయని బావ ముందే హెచ్చరించారు. తలుపు ఉత్తరం వైపు పెట్టాము, ఎండ తక్కువ పడుతుందని.

1. అరుగు: ఫ్లై యాష్ ఇటుక, 60 సెం.మీ.
2. నేల: గుమ్మం కంటే 10 సెం.మీ. లోతుగా, తొట్టిలాగా. నున్నని సిమెంటు పూత.
3. గోడలు: నాలుగంగుళాల మందం, లోపల పూత, బయట తెల్ల సున్నం.
4. గాలి కన్నాలు: నేల తొట్టి అంచుకు పైన రెండు, కప్పు కింద రెండు. ఒక్కొక్కటి 10 × 15 సెం.మీ. చాలా మందుల ఆవిర్లు గాలి కంటే బరువు, కనుక కింది కన్నాలు తప్పనిసరి.
5. అరలు మూడు. పైన పొడులు, మధ్యలో చిన్న సీసాలు, కింద పెద్ద క్యాన్లు ట్రేలలో.
6. తలుపు జీఐ (జింకు పూత వేసిన ఇనుము) రేకు, బందులు ఇత్తడి.

నేల తొట్టి లెక్క: 1.5 × 0.75 × 0.10 మీటర్లు, అంటే 112.5 లీటర్లు. లోపల ఉండే అతి పెద్ద పాత్రలో పట్టేదానికి పది శాతం ఎక్కువ పట్టగలిగితే చాలునన్నది సాధారణ సూత్రం. మా దగ్గర పెద్దది ఐదు లీటర్ల వేపనూనె క్యాను కాబట్టి ఐదున్నర లీటర్లు చాలు. తొట్టి అంత పెద్దదిగా రావడానికి కారణం గుమ్మం ఎత్తే తప్ప నా దూరదృష్టి కాదు.

ఇక ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు అత్యంత ఇష్టమైన వైఫల్యం. పూత ఆరాక పరీక్షగా 40 లీటర్ల నీళ్ళు పోశాను. లోతు 3.5 సెంటీమీటర్లు వచ్చింది. మర్నాడు పొద్దున చూస్తే నేల పొడిగా ఉంది. పగుళ్ళ కోసం గంటసేపు వెదికాను. చివరకు వెనక మూలలో, గోడ కిందుగా, ముప్పావు అంగుళం పైపు ముక్క ఒకటి చక్కగా బయటికి తీసి ఉంది. తాపీ మేస్త్రిని అడిగితే ఆయన ఎంతో మర్యాదగా చెప్పాడు: "నీళ్ళు నిలిస్తే గోడ పాడైపోద్ది బాబూ, అందుకే కన్నం ఒగ్గేసినాను." ముప్పై ఏళ్ళుగా నీరు నిలవకుండా కట్టిన చేతికి, నిలవడం కోసమే కట్టే నేల ఒకటి ఉంటుందని నేను చెప్పలేదు. కాగితం మీద గీసిన బొమ్మలో తొట్టి ఉంది కానీ "నీరు బయటికి పోకూడదు" అన్న మాట లేదు. పైపు తీయించి, సిమెంటుతో పూడ్చి, మళ్ళీ 40 లీటర్లు పోశాము. 24 గంటల్లో 2 మిల్లీమీటర్లు తగ్గింది, అంటే రెండు లీటర్ల పైచిలుకు గోడలూ నేలా తాగాయి. వాటర్‌ప్రూఫ్ పూత రెండు పొరలు వేశాక తగ్గుదల కొలబద్దకు అందనంత తక్కువైంది. మీరు కట్టిస్తే నీటి పరీక్ష చేయకుండా మేస్త్రికి ఆఖరి రోజు కూలి ఇవ్వకండి. నీళ్ళు పోసేటప్పుడు ఆయనను పక్కనే ఉంచుకోండి.

ఈ దశ ఖర్చు: ఇటుక 600 (₹4,800), సిమెంటు 8 బస్తాలు (₹2,960), ఇసుక ₹1,800, పలకకు ఊచలూ చిప్సూ ₹2,200, తలుపు ₹5,500, మేస్త్రి, సహాయకుడు నాలుగు రోజులు ₹6,800, ప్లైవుడ్ అరలు ₹1,900, జీఐ జాలి, తాళం, బందులు ₹1,240. కలిపి ₹27,200.
మొత్తం, బీరువా అమ్మిన డబ్బు పోను: ₹31,740.

నాలుగో దశ: కట్టిన తరువాత మార్చినవి (సెప్టెంబరు నుంచి జనవరి)

జాలి. జీఐ జాలి మూడు నెలల్లో తుప్పు పట్టింది, ఒక కన్నంలో కందిరీగలు గూడు కట్టాయి. మరో కన్నం దగ్గర జాలి వీడి, ఎలుక దూరి తెగుళ్ళ మందు పొట్లాన్ని కొరికింది. స్టెయిన్‌లెస్ స్టీలు జాలి వేయించాము, ₹620. అక్టోబరు ఈశాన్య గాలికి జల్లు లోపలికి వచ్చినందున కన్నాలకు బయట ఏటవాలు పెంకులు అతికించాము. ఇంట్లో ఉన్న పాత పెంకులే.

అరలు. ప్లైవుడ్ కారిన మందును పీల్చుకుంటుంది, తరువాత కడగడం వీలుకాదు. మొదటి మరక పడిన రోజునే ఈ సంగతి తెలిసింది. కడప బండలు పెట్టి పైన నున్నని టైల్స్ అతికించాము, ₹2,300.

వేడి. అక్టోబరులో బయట 32.6 ఉంటే లోపల 36.1. పలక ఎండను పట్టి రాత్రి దాకా విడుస్తోంది. తాటాకు కప్పుదామని మొదట అనుకున్నాము; మండే మందుల మీద తాటాకు వద్దని బావ కొట్టిపారేశారు. పలకకు పైన అడుగు ఎత్తున, గాలి ఆడేలా మరో రేకు నీడ బిగించాము, నాలుగు మూలలా బోల్టులతో, ₹1,800. గాలివానకు ఈ రేకు పోయినా పలక ఉంటుంది. ఏప్రిల్ కొలత: బయట 35.4, లోపల 33.9.

కలుపు మందు. సెప్టెంబరు టమాటాలో ఒక మూల నలభై మొక్కల ఆకులు సన్నగా, మెలితిరిగి వచ్చాయి. ముందు ఆకుముడత వైరస్ అనుకున్నాము, తెల్లదోమ కోసం వెదికాము, దోమ లేదు. ఆ మూలకు కొట్టిన తెగుళ్ళ మందును కొలిచిన కప్పు అంతకు ముందు వారం గట్ల మీద కొట్టిన 2,4-డిని కొలిచినదే. టమాటా, వంగ ఈ కలుపు మందుకు అతి సున్నితం. ఇప్పుడు కలుపు మందులకు కింద విడి ట్రే, విడి కప్పు, ఎర్ర రంగు పట్టీ వేసిన విడి పంపు ఉన్నాయి.

కారడం. డిసెంబరులో వేపనూనె క్యాను అడుగు చీలి 1.2 లీటర్లు కారింది. 40 × 30 × 8 సెంటీమీటర్ల ప్లాస్టిక్ ట్రేలో అంతా నిలిచింది. రంపపు పొట్టు చల్లి, పారతో ఎత్తి, సంచిలో కట్టాము. నీళ్ళతో కడిగి ఉంటే అది గెడ్డ దాకా పోయేది. గూటి పక్కన ఇసుక బకెట్టు, రంపపు పొట్టు సంచి, చిన్న పార ఎప్పుడూ ఉంటాయి. చేతితొడుగులూ మాస్కూ గూటి లోపల పెట్టకూడదు. ఆవిరి పట్టిన మాస్కు వేసుకుని ప్రయోజనం లేదు. మేము రెండు నెలలు అలాగే పెట్టాము.

వాటర్‌ప్రూఫ్ పూత ₹340 కలిపి ఈ దశ ఖర్చు ₹5,060. మొత్తం: ₹36,800.
ఇందులో కేవలం తప్పులకు అయినది: బీరువా మీద నష్టం 2,540, ప్లైవుడ్ 1,900, మొదటి జాలి 240. ₹4,680.

ఐదో దశ: తాళం

దీనికి ఖర్చు లేదు, తల బద్దలు కొట్టుకున్నది మాత్రం దీని మీదే.

మొదటి వారం తాళంచెవి తలుపు పక్క మేకుకు వేలాడింది. రెండో వారం దానిని పెంకు కింద దాచారు; కూలికి వచ్చినవారందరికీ ఆ పెంకు తెలుసు. మూడంకెల నంబరు తాళం పెట్టి చూశాము. బావ ఆ అంకెలను పంపు మీద రాసుకున్నారు. ఇప్పుడు ఇత్తడి తాళం, రెండే చెవులు: ఒకటి బావ మొలతాడుకు, ఒకటి అక్క దగ్గర.

ఇది పిల్లల విషయంలో పనిచేస్తుంది. పెద్దల విషయంలో తాళం ఎంతవరకు అన్న ప్రశ్న నన్ను వదలలేదు. పురుగుల మందు అనే మాట పల్లెల్లో దేనిని గుర్తుకు తెస్తుందో ఈ డైరీ చదివేవారికి తెలుసు. శ్రీలంకలోని అనురాధపుర జిల్లాలో 180 గ్రామాలను తీసుకుని, కొన్నింటిలో ఇంటింటికీ తాళం పెట్టెలు ఇచ్చి, మిగిలినవాటితో పోల్చి చూసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. పెట్టెలు ఇచ్చినందువల్ల మందు తాగే ఘటనలు తగ్గినట్టు అందులో తేలలేదు. తాళంచెవి ఎక్కడుందో ఇంట్లోని మనిషికి తెలుసు కదా. ఆ దేశంలో మరణాలను బాగా తగ్గించినది అతి విషపూరితమైన మందులను అమ్మకం నుంచి తీసివేయడం. అది చదివాక నా కొలతలో ముఖ్యమైన అంకె మారింది. అంతకు ముందు నేను ఉష్ణోగ్రత రాసేవాడిని. ఆ తరువాత గూటిలో ఎన్ని సీసాలు ఉన్నాయో, వాటిలో ఎరుపు, పసుపు ఎన్నో ముందు రాస్తున్నాను.

తలుపు లోపల అతికించిన కాగితం: అంబులెన్సు 108, ఢిల్లీ ఎయిమ్స్ జాతీయ విష సమాచార కేంద్రం 1800-116-117, సీసాను గానీ లేబులును గానీ ఆసుపత్రికి వెంట తీసుకువెళ్ళాలి, వైద్యులు చెప్పకుండా వాంతి చేయించకూడదు. మాకు పెద్దాసుపత్రి అంటే విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి), మధ్యాహ్నపు రద్దీలో గంట పైనే పడుతుంది. ఆ గంటను కూడా కాగితం మీద రాశాము.

ఆరో దశ: నిల్వ తగ్గించడం

మిగుళ్ళు ఎలా పుడుతున్నాయో పుస్తకం చూపించింది. ఒక లెక్క: వంగ 60 సెంట్లు. ఎకరాకు 200 లీటర్ల నీరు చొప్పున 120 లీటర్లు. లీటరుకు 2 మిల్లీలీటర్ల మందైతే 240 మిల్లీలీటర్లు కావాలి. దుకాణంలో లీటరు సీసా చవక అని లీటరు ఇచ్చారు. 760 మిల్లీలీటర్లు మిగిలింది, వచ్చే ఏడాదికి పనికివస్తుందని చూరెక్కింది, మరుసటి ఏడాది మరో పురుగు, మరో మందు. చవకగా కొన్న లీటరులో ముప్పాతిక వంతు చూరుకే పోయింది.

ఇప్పటి పద్ధతి:
1. ముందు విస్తీర్ణం, నీరు, మోతాదు లెక్క పుస్తకంలో వేయాలి.
2. ఆ అంకెకు దగ్గరి పైకొలత సీసా కొనాలి, ధర ఎక్కువైనా.
3. ఎరుపు త్రిభుజం ఉన్నది కొనకూడదు. పసుపు కొనాలంటే రైతు సేవా కేంద్రంలో ప్రత్యామ్నాయం అడిగిన తరువాతే.
4. కొట్టిన రోజునే మిగులు రాయాలి.

గూటిలోని సీసాల సంఖ్య: జూలైలో 14, అక్టోబరులో 9, జనవరిలో 6, ఏప్రిల్‌లో 5. ఎరుపు సున్న, పసుపు 1.

ఏడో దశ: ఖాళీ సీసాలు

ఖాళీ అయిన సీసాలో పావు వంతు నీరు పోసి, అర నిమిషం కుదిపి, ఆ నీటిని పంపు ట్యాంకులోనే పోయాలి, ఇలా మూడుసార్లు. మొదట్లో మేము కడిగిన నీటిని గట్టు మీద పారబోశాము. ట్యాంకులో పోస్తే మందు వృథా కాదు, నేల పాడవదు. కడిగాక మేకుతో మూడు కన్నాలు పొడవాలి. ఇది మానకూడదని తెలిసిన సంగతి ఒకటి: పాత సామాన్లకు వేసిన ఐదు లీటర్ల క్యాను నెల తరువాత పక్క చేలో కూలీల మంచినీళ్ళ క్యానుగా కనిపించింది. 1971 నాటి క్రిమిసంహారక మందుల నిబంధనల్లో కూడా ఖాళీ పాత్రలు తిరిగి వాడకానికి రాకుండా పగలగొట్టి, జనావాసాలకు దూరంగా పూడ్చాలని ఉంది. పదకొండు నెలల్లో కన్నాలు పొడిచినవి 22.

నగరంలో ఇల్లు

పొలంలో ఇంత చేసి, మధురవాడ ఫ్లాటులో సింకు కింద చూస్తే బొద్దింకల స్ప్రే, దోమల రీఫిల్లులు, ఎలుకల కేకులు, కలరా ఉండలు, చెదల మందు కొట్టినవారు వదిలి వెళ్ళిన మిగులు మంచినీళ్ళ సీసాలో. ఆ సీసాలో ఏముందో ఆ సంస్థకు ఫోను చేస్తే తెలియలేదు. తీసుకుపొమ్మని మూడుసార్లు అడిగాక వచ్చి తీసుకువెళ్ళారు. స్ప్రే డబ్బాలో పీడనం మీద ఉన్న మండే వాయువు ఉంటుంది, అది గ్యాసు పొయ్యికి రెండడుగుల దూరంలో ఉంది.

ఎత్తున పెడితే చాలుననుకున్నాను. మూడేళ్ళ మేనల్లుడిని పిలిచి, ప్లాస్టిక్ స్టూలు ఇచ్చి, పై అలమరాలో చాక్లెట్టు పెట్టి చూశాము. చేయి 1 మీటరు 42 సెంటీమీటర్ల దాకా వెళ్ళింది, పట్టిన సమయం నిమిషం లోపే. వంటింటి అటక వేడి, బాల్కనీ ఎండ. చివరకు నడవ అటక మీద తాళం ఉన్న ప్లాస్టిక్ పెట్టె, ₹900. అందులో ఇప్పుడు రెండు వస్తువులే ఉన్నాయి.

ఇసుక, పార, డ్రమ్ములకు ₹1,300. మొత్తం ఖర్చు: ₹39,000.

ఇంకా తేలనిది (ఏప్రిల్ ఆఖరు)

గడువు తీరినవి 13, లేబులు లేనివి 7, కలిపి 20 పాత్రలు: 4.6 లీటర్లు, 8.3 కిలోలు. గంధకం పొట్లాలూ పొట్టు సంచీ అదనం. అమ్మిన దుకాణం తీసుకోనంది. కాల్చడం, గెడ్డలో పోయడం, బావి దగ్గర పూడ్చడం మూడూ మాకు ఆమోదం కాదు. ప్రస్తుతం అన్నీ మూత బిగించిన నీలం డ్రమ్ములో, మీద జాబితాతో, గూటి పక్క అరుగు మీద తాళం వేసి ఉన్నాయి. వ్యవసాయాధికారికి జాబితా ప్రతి ఇచ్చాము. ప్రమాదకర వ్యర్థాలను తీసుకునే కేంద్రానికి పంపే వీలు కోసం రెండో ఉత్తరం రాశాను. కూల్‌డ్రింక్ సీసా జాబితాలో 17వది, "తెలియదు, సుమారు 300 మి.లీ." అని ఉంది.

ఏప్రిల్ 27, మధ్యాహ్నం 2.40: బయట 35.8, లోపల 34.1, తేమ 74 శాతం. సీసాలు 5. డ్రమ్ము కింద తేమ మరక ఏమీ లేదు.